పాడుపెట్టిన గదిలో ప్రింటర్

ఎల్లారెడ్డి బస్సులో దస్తీల గురించి, అంటే చేతిరుమాళ్ల గురించి, ముందు ఒక మాట చెప్పాలి. కామారెడ్డి బస్టాండులో బస్సు ఇంకా సరిగ్గా ఆగకముందే కిటికీల్లోంచి దస్తీలు, తువ్వాళ్లు, ఒక్కోసారి సొరకాయలున్న సంచులు లోపలికి ఎగురుతాయి. మనం మర్యాదగా డోర్ దగ్గర నుంచి ఎక్కి చూస్తే బస్సు ఖాళీగా ఉంటుంది, కూర్చోడానికి మాత్రం చోటు ఉండదు. ప్రతి సీటులోనూ ఎవరో ఒకరు ఉన్నారు, ఇంకా రాలేదంతే. మనిషితో అయితే కొట్లాడవచ్చు. దస్తీతో ఏం కొట్లాడతాం? నేను డిగ్రీ చదివి, ఆ పైన కంప్యూటర్లలో పీజీ కూడా చేశాను. ఎల్లారెడ్డికి మాత్రం చాలాసార్లు నిలబడే వెళ్లాను.

దీనికీ నేను చెప్పబోయేదానికీ పెద్దగా సంబంధం లేదు. ఆ రోజు కూడా నిలబడే వెళ్లానని, దిగేసరికే ఒళ్లు మండుతూ ఉందని, వింతలు చూడాలన్న సరదా నాలో ఏ కోశానా లేదని తెలియడానికి చెప్పాను.

దయ్యాలను నేను ఎన్నడూ నమ్మలేదు. ఆ మాటకొస్తే ప్రింటర్లను కూడా నమ్మను, కాకపోతే అవి ఉన్నాయని ఒప్పుకుంటాను. చిన్నప్పుడు మా అవ్వ కొరివిదయ్యాల కథలు చెబితే వింటూ నిద్రపోయేవాణ్ణి. భయంతో కళ్లు మూసుకుని కాదు, విసుగుతో.

నా పని ఆఫీసుల్లో పెద్ద ప్రింటర్లను నెట్‌వర్క్‌కు కలపడం. ఇంట్లో టేబుల్ మీద పెట్టుకునే చిన్నవి కాదు. బీరువా అంత ఉండి, కట్టలకు కట్టలు కాగితం మింగే మిషన్లు. జనం వాటిని కూడా జిరాక్స్ మిషన్ అనే అంటారు. ఆఫీసులో ఉన్న ప్రతి కంప్యూటర్ నుంచీ ఆ మిషన్‌కు దారి వేయాలి. వైర్లు లాగడం, గోడలకు కన్నాలు వేయడం సాదిక్ భాయ్ చూసుకుంటాడు. ఆయన నాకంటే పెద్దవాడు. దుబాయ్‌లో కొన్నేళ్లు కేబుల్ పని చేసి వచ్చి కామారెడ్డిలో ఎలక్ట్రికల్ షాపు పెట్టుకున్నాడు. ఇద్దరం కలిసి జుక్కల్ నుంచి బీర్కూర్ దాకా చాలా ఆఫీసుల దుమ్ము మింగాం.

ఈ పని ఒక విత్తనాల కంపెనీది. పేరు అనవసరం. పెద్ద ఆఫీసు కామారెడ్డిలో, బ్రాంచి ఎల్లారెడ్డిలో. కంపెనీ కోసం విత్తనం పండించే రైతులతో ఒప్పంద పత్రాలు రాయించుకుంటారు. ఒక్కో రైతుకు పుస్తకమంత. సోమవారం రైతుల మీటింగు ఉంది, అప్పటికి పత్రాలన్నీ అచ్చయి ఉండాలి. అందుకని పెద్ద మిషన్ తెప్పించారు. బ్రాంచి మేనేజర్ శ్రీధర్, ఇస్త్రీ మడత చెదరని మనిషి. ఫోన్‌లో సగం రోజు పని అన్నాడు. సగం రోజు పని అని పిలిచినవాళ్లెవరూ నన్ను సగం రోజులో వదిలిన పాపాన పోలేదు.

ఆఫీసు బాల్‌రెడ్డి అనే రైతు ఇంట్లో కింది భాగం. ఆయన, భార్య యశోదమ్మ మేడ మీద ఉంటారు. కూతుళ్లు పెళ్లయి అత్తగారి ఊళ్లలో ఉన్నారు. కింద హాల్లో కంప్యూటర్లు, విత్తనాల శాంపిల్ సంచులు, వాటి దుమ్ము. ఆ దుమ్ములో ఇంత ఖరీదైన మిషన్ పెట్టకూడదని శ్రీధర్ వెనక గది చూసి పెట్టుకున్నాడు. గ్రానైట్ నేల, ఏసీ, విడిగా కరెంటు లైను. మిషన్ కోసమే కట్టినట్టుంది.

చిక్కల్లా ఆ గదికి తాళం వేసి ఉంది. తాళం గొళ్లెంలో ఒక ఎండిన తుమ్మకొమ్మ, ముళ్లతో సహా.

బాల్‌రెడ్డి తండ్రి ఆ గదిలోనే పోయాడట. పోయిన ఘడియ మంచిది కాదని, ధనిష్ఠ నక్షత్రంలో పోయాడని పంతులు అయ్యగారు లెక్క కట్టి చెప్పాడు. అలా పోతే ఆరు నెలలు ఇల్లు పాడుపెట్టాలి. అంటే తాళం వేసి, ముళ్లకంప అడ్డం పెట్టి, లోపలికి ఎవరూ పోకుండా వదిలేయాలి. గడువు తీరకముందే తెరిస్తే పోయినవాడు ఇంట్లోంచి ఇంకొకరిని వెంట తీసుకుపోతాడని నమ్మకం. వెనకటి రోజుల్లో ఇల్లంతా వదిలి వేరేచోట తలదాచుకునేవారు. కింది భాగాలు ఆఫీసులకు కిరాయికి ఇవ్వడం మొదలయ్యాక దోషం కూడా ఒక గదిలో సర్దుకోవడం నేర్చుకుంది.

గడువు ఇంకా సగం కూడా కాలేదు. తాళంచెవి బాల్‌రెడ్డి చేతిలో ఉంది. యశోదమ్మ తలుపుకు అడ్డంగా ఉంది.

"పంతులు ఏం జెప్పిండో నీకెర్కనే గద," అని ఆవిడ శ్రీధర్‌ను నిలదీసింది. "మా ఆయన గుండెల స్టెంటున్నది. మా మామకు ఒక్కడే కొడుకు. గాయినె ఎవల్ని తోల్కపోతడు, నిన్నా?"

"అమ్మా, మీరు గా కాలంలనే ఉన్నరు. గది ఇయ్యకుంటె నేను ఆఫీసు కామారెడ్డికి లేపుకపోత. మల్ల కింద ఎవరుంటరో మీరే సూస్కోండ్రి."

బాల్‌రెడ్డి నవ్వాడు. పెద్ద మీసాలు, మెత్తని మనిషి. "ఊకో యశోదా. మా బాపు బతికున్నప్పుడు నన్ను బాన్సువాడ సంతకు గూడ తోల్కపోలే. ఇప్పుడేం తోల్కపోతడు?"

ఆవిడ నవ్వలేదు. నా వైపు తిరిగింది. "సదువుకున్నోని లెక్క అగుపడ్తున్నవ్. నువ్వన్న చెప్పరాదు వీళ్లకు."

నేను వైర్ల మనిషినమ్మా అన్నాను.

"అయితె వైర్ల లెక్కనే పడి ఉండు," అంది.

మా వైపు పగవాడు ఇంటికి వచ్చినా ముందు మంచినీళ్లిచ్చి, తర్వాతే తిడతారు. ఆవిడ మొదటి అంకం లేకుండానే రెండో అంకంలోకి వచ్చింది. ఆ ఇంట్లో పని చేసినంతసేపూ మాకు గుక్కెడు నీళ్లు దొరకలేదు. బాటిళ్లు కొనుక్కున్నాం.

చివరికి బాల్‌రెడ్డే ఆవిడను భుజం పట్టి పక్కకు జరిపి తాళం తీశాడు. తుమ్మకొమ్మను ముట్టుకోడానికి మాత్రం ఆయన చెయ్యి రాలేదు, శ్రీధర్ చెయ్యి అంతకన్నా రాలేదు. సాదిక్ భాయ్ కటింగ్ ప్లేయరుతో పీకి పారేశాడు. ముల్లు దిగి వేలు వాచింది. దీన్ని నేను సాక్ష్యంగా చూపించడం లేదు. తుమ్మముల్లు ఏ నక్షత్రంలోనైనా గుచ్చుకుంటుంది.

గదిలో భయపడాల్సింది ఏమీ లేదు. నీలం గోడలు, మంచం తీసేసిన చోట నేల మీద దాని కోళ్ల మచ్చలు. కిటికీలోంచి ఎండ పడుతోంది. ఏసీ వేస్తే చల్లగా కూడా అయింది. మిషన్‌ను లోపలికి తోశాం. శ్రీధర్ చక్రాల కింద నిమ్మకాయలు పెట్టించాడు, నెత్తిన కుంకుమ బొట్టు పెట్టాడు. పైన గాజు పలక మీద మాత్రం వద్దని బతిమాలుకున్నాను. అక్కడ బొట్టు పెడితే ఆ తర్వాత రైతులందరి ఆధార్ కార్డులూ బొట్టుతోనే వస్తాయి. సాదిక్ భాయ్ బిస్మిల్లా అని స్విచ్ వేశాడు. ఇన్ని ఏర్పాట్లతో మొదలైన మిషన్ ఇంకోటి నేను చూడలేదు.

ఇక్కడ నా పని గురించి కొంచెం చెప్పకపోతే తర్వాత జరిగింది అర్థం కాదు.

నెట్‌వర్క్‌లో ప్రతి మిషన్‌కూ ఒక నంబరు ఉంటుంది, ఇంటి నంబరు లాగా. కొత్త మిషన్‌కు నంబరు ఇచ్చేముందు మేమంతా చేసేది ఒకటే. ఆ నంబరును ఒకసారి పిలిచి చూస్తాం. దాన్ని పింగ్ కొట్టడం అంటాం. తలుపు ముందు నిలబడి "ఎవరన్నా ఉన్నరా" అని కేకేయడం లాంటిది. ఎవరూ పలకకపోతే ఇల్లు ఖాళీ, మన మిషన్‌ను అందులో దింపొచ్చు. పలికితే ఎవరో ఉన్నారు, పక్కింటికి పోవాలి. ఇద్దరికి ఒకే నంబరు ఇస్తే ఇద్దరూ కొట్టుకుని ఇద్దరూ పని చేయరు. మనుషుల్లో కూడా ఇది చూస్తూనే ఉన్నాం.

ఆ గది గోడలో ఉన్న సాకెట్‌కు లాప్‌టాప్ తగిలించి, ఖాళీగా ఉండాల్సిన ఒక నంబరును పిలిచాను. పలికింది.

ఎవరి ఫోనో అయి ఉంటుందనుకుని ఇంకోటి పిలిచాను. పలికింది. ఎక్కడెక్కడివో నంబర్లు, ఆ ఆఫీసులో ఎవరూ వాడే అవకాశం లేనివి, నోటికి వచ్చినట్టు పిలిచాను. అన్నీ పలికాయి. ఆఫీసులో ఉన్న కంప్యూటర్లు మొత్తం కలిపి వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. నేను తట్టిన ప్రతి ఇంట్లోనూ మాత్రం జనం ఉన్నారు.

హాల్లోకి వచ్చి అవే నంబర్లు పిలిస్తే నిశ్శబ్దం. గదిలోకి వెళ్తే పలుకుతున్నాయి.

దీనికి కారణాలు ఉంటాయి. నాకు తెలిసినవి వరసగా తీసేశాను. ఒక్కోసారి ఇంటర్నెట్ డబ్బా తలపొగరుగా అందరి తరఫునా తానే జవాబు చెబుతుంది. దాని కరెంటు తీసేశాను. పలికాయి. వైఫై ఆపేశాను. పలికాయి. లాప్‌టాప్ పాడైందేమోనని శ్రీధర్‌ది తెచ్చి పెట్టాను. దానికీ పలికాయి. చివరికి సాదిక్ భాయ్ హాల్లోకి వెళ్లి, గది నుంచి వచ్చే వైరు కొసను డబ్బాలోంచి పీకి, చేత్తో పట్టుకుని గుమ్మం దగ్గరకు వచ్చి నాకు చూపించాడు. వైరు అవతల ఇప్పుడు ఆయన వేళ్లు తప్ప ఏమీ లేవు.

అలాంటప్పుడు లాప్‌టాప్ అసలు పిలవదు. వైరు లేదని చెప్పి ఊరుకుంటుంది. ఇది ఊరుకోలేదు. జవాబు ఎంత సేపటికి వచ్చిందో కూడా తెర మీద చూపిస్తుంది. ఏమాత్రం ఆలస్యం లేదు. పక్కన కూర్చున్నవాడు పలికినట్టు పలుకుతోంది.

సాదిక్ భాయ్ తెర వైపు, తన చేతిలో ఉన్న కొస వైపు చూశాడు. "అన్ని సీట్లల్ల దస్తీలు ఏసిపెట్టిండ్రు రవీందర్," అన్నాడు.

నేను నవ్వాను. ఇద్దరిలో నేనొక్కణ్ణే నవ్వానన్న సంగతి కాసేపటికి గమనించాను.

మిషన్ సంగతి వేరే. ఈ కొత్తవాటికి ముందు భాగంలో చిన్న నల్లటి కన్ను ఉంటుంది. వాడనప్పుడు మిషన్ నిద్రపోతుంది. మనిషి ఎదురుగా వచ్చి నిలబడితే ఒంటి వేడిని పసిగట్టి తనంతట తానే లేస్తుంది, తెర వెలుగుతుంది. కరెంటు ఆదా కోసం పెట్టిన ఏర్పాటు. నాకు, సాదిక్ భాయ్‌కి, శ్రీధర్‌కు అది బాగానే లేచింది.

మధ్యాహ్నం హాల్లో కూర్చుని టిఫిను డబ్బాలు విప్పాం. గదిలో ఎవరూ లేరు, తలుపు తెరిచే ఉంది. మిషన్ లేచింది. లేచేటప్పుడు లోపల రోలర్లు తిరిగిన చప్పుడు వస్తుంది, పొరపడడానికి లేదు. కొంచెంసేపు వెలిగి పడుకుంది. మళ్లీ లేచింది. ఏసీ గాలి అన్నాడు సాదిక్ భాయ్. ఏసీ ఆపాం. కిటికీ ఎండ అన్నాను నేను. కిటికీ మూసి పరదా లాగాం. మేము బయటికి వచ్చి కూర్చోగానే లేచింది.

అప్పుడే బాల్‌రెడ్డి భోంచేసి, కొత్త మిషన్ చూద్దామని కిందికి దిగి వచ్చాడు. నేరుగా గదిలోకి వెళ్లి దాని ముందు నిలబడ్డాడు.

లేవలేదు.

"పండుకున్నదా ఇది?" అన్నాడు.

కొంచెం దగ్గరకు జరగమన్నాను. జరిగాడు. చెయ్యి ఊపమన్నాను. ఊపాడు. ఆ నల్ల కన్ను ముందు అరచెయ్యి పెట్టాడు. తెర నల్లగానే ఉంది. నేను వెళ్లి ఆయన పక్కన నిలబడ్డాను, వెంటనే లేచింది. నేను తప్పుకున్నాను. కాసేపటికి పడుకుంది. ఆయన అక్కడే నిలబడి ఉన్నాడు.

"ఇది నన్ను మనిషి లెక్కల ఏస్తలేదు తమ్మీ," అని నవ్వాడు. "ఇంట్ల ఎట్లనో ఈడ గూడ గట్లనే."

గుమ్మంలో యశోదమ్మ ఉంది. ఎప్పుడు వచ్చిందో చూడలేదు. ఆవిడ అరవలేదు. అరిచి ఉంటే మాకు కొంచెం తేలికగా ఉండేది. "ఇవతలికి రా," అని మాత్రం అంది. పొలంలో పాము దగ్గర నిలబడ్డవాణ్ణి పిలిచినట్టు, గొంతు పెంచకుండా.

బాల్‌రెడ్డి ఇవతలికి వచ్చాడు. నవ్వు మీసాల దగ్గరే ఆగిపోయింది.

కన్ను పాడైందేమో చూద్దామని మిషన్‌ను హాల్లోకి తోశాం. హాల్లో ఎండ వేడికి గోడలు కాలుతున్నాయి. ఆ వేడిలో మనిషి ఒంటి వేడిని పసిగట్టడం దానికి ఇంకా కష్టం కావాలి. బాల్‌రెడ్డి ఇంకా దగ్గరకు రాకముందే లేచింది. దూరం పోయి మళ్లీ వచ్చాడు, మళ్లీ లేచింది. తిరిగి గదిలోకి తోశాం. ఆయన భార్య చెయ్యి విడిపించుకుని ఇంకోసారి వెళ్లి నిలబడ్డాడు. లేవలేదు.

ఆయన బయటికి వచ్చి హాల్లో విత్తనాల సంచి మీద కూర్చున్నాడు. దాని మీద కూర్చోవద్దని రైతుకు ఎవరూ చెప్పనక్కరలేదు. ఆ రోజు ఆయనకు అది గుర్తు రాలేదు.

సాదిక్ భాయ్ స్క్రూడ్రైవరు జేబులో పెట్టుకున్నాడు. "నేను బయటికెల్లి సామాను అందిస్త. లోపలికి మాత్రం రాను. ఆడ నిలబడితె పో పో అన్నట్టున్నది."

ఎవరు అంటున్నారని అడిగాను, వెటకారంగానే.

"ఎవడో ఒకడైతె నేను గూడ నాలుగు మాటలు అందును. గది అంటున్నది. గదితోని ఏం కొట్లాడాలె?"

ఆయన చెప్పాక నాకు కూడా తెలిసింది. అంతసేపూ లోపల నిలబడ్డ ప్రతిసారీ పని ఉన్నా లేకున్నా నా కాళ్లు గుమ్మం వైపు తిరుగుతున్నాయి. భయం అని దానికి పేరు పెట్టను. పెళ్లి పిలుపు లేని ఇంట్లో పంక్తిలో కూర్చుంటే ఎలా ఉంటుందో అలా ఉంది. ఎవరూ ఏమీ అనరు. అందరికీ తెలుసు.

శ్రీధర్ కామారెడ్డి వాళ్లతో ఫోన్ మాట్లాడి వచ్చాడు. ఇంతసేపు మేము ఏం చేశామన్నది ఆయన ప్రశ్న. కన్ను సంగతి చెప్పాను. సెట్టింగ్ సరిచెయ్ అన్నాడు. ప్రపంచంలో ప్రతిదానికీ ఒక సెట్టింగ్ ఉంటుందని నమ్మే అదృష్టవంతుడు.

అప్పుడు యశోదమ్మ వచ్చి కడప మీద, గుమ్మానికి అడ్డంగా కూర్చుంది. ఇంటి కడప మీద కూర్చోకూడదని చిన్నపిల్లలకు కూడా తెలుసు. ఆవిడ రెండు చేతులూ అటూ ఇటూ తలుపు చట్రానికి ఆనించి మరీ కూర్చుంది.

"మిషన్ బయటికి రావాలె. తాళం పడాలె," అంది. "లేకుంటె నన్ను దాటుకుంట తిరుగుండ్రి."

"సోమవారం మీటింగున్నదమ్మా. మూడూర్ల రైతులు వస్తున్నరు."

"రానీ. నా మొగడు పోతె గా రైతులే మోస్తరా?"

"గట్లెందుకంటరు? ఆయినెకేమైంది, మంచిగనే కూసున్నడు."

"నీ మిషన్ కంటికి గాయినె ఆనుతలేడు. ఇంకేం కావాలె నీకు?"

శ్రీధర్ నా మీద పడ్డాడు. "నువ్వు కలుపుతవా, వేరేటోన్ని పిలిపియ్యాల్నా? ఒక్కటి జెప్పు."

ఎవరిని పిలిచినా మిషన్‌కు ఒక ఖాళీ నంబరు కావాలని, ఆ గదిలో ఖాళీ నంబరు లేదని చెప్పాను. ఇన్నేళ్లలో నేను ఆఫీసర్లకు చాలా సాంకేతిక కారణాలు చెప్పాను. అన్నిటిలోకీ నిజమైనది అదే.

ఆయన నమ్మలేదు. యశోదమ్మ మోకాళ్ల మీదుగా కాలు దాటించి లోపలికి వెళ్లాడు. ఆవిడ కదల్లేదు, కిందికి చూస్తూ ఏదో గొణిగింది. లాప్‌టాప్ ముందు వంగి తనకు తోచిన నంబరు కొట్టాడు. ఇంకోటి కొట్టాడు. మూడోది చాలా పెద్దది, అసలు ఎక్కడా ఉండని నంబరు, తప్పుగా కొట్టాడు. లాప్‌టాప్ అలాంటి నంబరు లేదని చెప్పాలి. పలికింది.

శ్రీధర్ నిటారుగా లేచాడు. తర్వాత వెనక్కి తిరగకుండా బయటికి వచ్చి, వాటర్ బాటిల్ మూత తీసి, తాగకుండా మూత పెట్టాడు.

"హాల్ల పెట్టుండ్రి," అన్నాడు. మా ముఖాలు చూడలేదు.

హాల్లో ఒక మూల సంచులు జరిపి మిషన్ పెట్టాం. సాదిక్ భాయ్ కొత్త వైరు లాగాడు. మొదట పిలిచిన నంబరే ఖాళీగా ఉంది. కలిపాం. కామారెడ్డి నుంచి ఒకరు అచ్చు పంపితే ఇక్కడ టకటకా వచ్చి పడింది. హాల్లో అది నిజంగానే సగం రోజు కూడా పట్టని పని. రైతుల పత్రాలు ఆ సాయంత్రానికి కట్టలు కట్టి ఉన్నాయి. గదికి యశోదమ్మ తన చేత్తో తాళం వేసి, ఎక్కడ నుంచి తెచ్చిందో పచ్చి తుమ్మకొమ్మ తెచ్చి పెట్టింది. ఆ తర్వాత నేను మూఢనమ్మకాల మనిషినని, పని చేయమంటే దయ్యాల కథలు చెప్పానని శ్రీధర్ కామారెడ్డికి ఫిర్యాదు పంపాడు. ఆ అచ్చు కూడా మేము కలిపిన మిషన్‌లోంచే తీశాడు. చాలా శుభ్రంగా వచ్చిందట.

ఆ వారంలోనే బాల్‌రెడ్డికి గుండె నొప్పి వచ్చింది. పట్టపగలు, మేడ మెట్లు ఎక్కుతూ కూలబడ్డాడు. కామారెడ్డి తీసుకువెళ్లారు, అక్కడి నుంచి హైదరాబాదు. చాలా రోజులు అక్కడే ఉన్నాడు. బతికాడు. ఇంకాస్త ఆలస్యమైతే దక్కేవాడు కాదని డాక్టర్లు చెప్పారట.

గోలీలు సరిగ్గా వేసుకోలేదు, అందుకే వచ్చిందని శ్రీధర్ అన్నాడు. అది నిజమే, కొన్నాళ్లుగా మానేశానని బాల్‌రెడ్డే ఒప్పుకున్నాడు. ఆ గది తెరిచారు కాబట్టి వచ్చిందని, మళ్లీ మూశారు కాబట్టి తిరిగి వచ్చాడని యశోదమ్మ అంటుంది. ఇద్దరిలో ఎవరిది తప్పని చెప్పడానికీ నా దగ్గర ఆధారం లేదు.

అడగాల్సినవాళ్లను అడిగాను. మిషన్ కంపెనీ వాళ్లు ఆ కన్ను ఒక్కో మనిషిని ఒక్కోసారి పట్టదు అన్నారు. అదే మనిషిని అదే మధ్యాహ్నం హాల్లో ఎందుకు పట్టిందంటే, ఫోటో పంపండి అన్నారు. దేని ఫోటో పంపాలో తెలియలేదు. నాకు పని నేర్పిన హైదరాబాదు మిత్రుడు అంతా విని, నువ్వు వేరే వైరు పీకి ఉంటావు అన్నాడు. ఫోన్‌లో వినేవాడికి ప్రతి దయ్యమూ లూజ్ కనెక్షనే. ఆయన స్థానంలో నేనున్నా అదే చెప్పేవాణ్ణి. గోడలో వేరే వైరు లేదు. ఆ గదికి ఉన్నదే ఒక్క వైరు, దాని కొస సాదిక్ భాయ్ చేతిలో ఉండగా నేను చూశాను.

అదేమిటో నాకు ఇప్పటికీ తెలియదు. దయ్యం అనడానికి నాకు మనసు రాదు. కాదు అనడానికి మాట రాదు.

గడువు తీరాక అయ్యగారు వచ్చి శాంతి చేశాడు. గదంతా పసుపునీళ్లు చల్లారు. హాల్లో దుమ్ముకు మిషన్ దగ్గుతోందని, గదిలోకి మార్చాలని శ్రీధర్ మళ్లీ కబురు పెట్టాడు. నా మీద ఫిర్యాదు చేసిన సంగతి ఆయనకు గుర్తు లేనట్టుంది, లేదా ఇంకెవరూ వస్తామనలేదు. సాదిక్ భాయ్ ఈసారి నేను అడగకుండానే లోపలికి వచ్చాడు. నీలం గోడల మీద పసుపు చుక్కలు ఆరిపోయి ఉన్నాయి.

అదే సాకెట్, అదే లాప్‌టాప్. నంబరు పిలిచాను. జవాబు లేదు. ఇంకోటి. లేదు. పిలిచిన చోటల్లా ఖాళీ. అంత మంచి ఖాళీని నేను చాలాకాలంగా వినలేదు. మిషన్ కలిపాం, అచ్చు వచ్చింది. నేను నిలబడితే లేచింది. సాదిక్ భాయ్‌కి లేచింది. శ్రీధర్ దూరంగానే నిలబడి, అందినంత చెయ్యి చాపాడు, ఆయనకూ లేచింది. ఎవరూ లేనప్పుడు బుద్ధిగా పడుకుంది.

బాల్‌రెడ్డి చేతికర్రతో మెల్లగా వచ్చి గుమ్మం అవతల ఆగాడు. మనిషి సగమయ్యాడు, మీసాలు మాత్రం అంతే ఉన్నాయి. లోపలికి, మిషన్ వైపు, నా వైపు చూశాడు.

"తమ్మీ, నేను గూడ ఒకపారి నిలబడి సూడాల్నా?" అన్నాడు. నవ్వుతూనే అన్నాడు. కడప మాత్రం దాటలేదు.

శ్రీధర్ ఫోన్ తీసి ఏదో చదవడం మొదలుపెట్టాడు. సాదిక్ భాయ్ మిగిలిన వైరును అవసరానికి మించి జాగ్రత్తగా చుట్టుకుంటున్నాడు. నిజం చెప్పాలంటే నాకు చూడాలనే ఉంది. లేస్తే చాలు, జరిగిందంతా ఏదో మిషన్ లోపమని రాసుకుని నేను హాయిగా ఇంటికి పోవచ్చు.

ఒక్క అడుగు లోపలికి వెయ్యండి పటేలా, అన్నాను.

ఆయన కర్ర ఎత్తాడు. వెనక నుంచి యశోదమ్మ వచ్చి ఆయన మోచెయ్యి పట్టుకుంది. నన్ను ఒకసారి పైనుంచి కింది దాకా చూసింది.

"లేస్తె ఉన్నట్టు, లేవకుంటె లేనట్టా? నీ మిషన్‌ను అడిగి కాపురం జేస్తున్ననా నేను?"